తిప్పయ్య కూత

ఎడమచేత్తో గొర్రె దవడ పట్టుకుని, పళ్ళు లేని పక్క చిగురు మీద కుడి బొటనవేలు పెట్టి నొక్కితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. అప్పుడు నాలుక పక్కలు చూడాలి, అడుగు చూడాలి, పెదవి మడిచి లోపల చూడాలి. తిప్పయ్య ముప్పై ఒకటో నోరు చూసి వదిలి, ముప్పై రెండోదాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఇంకా యాభై దాకా ఉన్నాయి. గాలిమరల గుట్ట వెనక నుంచి పొద్దు అప్పుడే పైకి వస్తోంది. రోడ్డు పక్క దాసప్ప చేలో, గుంజలు పాతి చుట్టూ కట్టిన వల లోపల, జీవాలు ఒకదాని వీపు మీద ఒకటి గడ్డం ఆనించి నిలబడి ఉన్నాయి. గొర్రెను ఆ వైపు ఎవరూ గొర్రె అనరు, జీవం అంటారు. మంద రాత్రి పడుకున్న చోట చేనుకు ఎరువు చిక్కుతుంది కాబట్టి రైతులే పిలిచి చోటిస్తారు. ఒకరి చేలోంచి ఇంకొకరి చేలోకి మారడంలోనే తిప్పయ్యకు యాభై ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి.

పోయిన కార్తీకంలో ముసురు పట్టినప్పుడు మందకు నీలినాలుక రోగం తగిలింది. మూతులు వాచి, నాలుకలు పుండ్లు పడి తొమ్మిది జీవాలు చచ్చిపోయాయి. అప్పటినుంచి తెల్లవారగానే నోళ్ళు చూడటం అలవాటయింది. రోగం పోయి నాలుగు నెలలైనా అలవాటు పోలేదు. వల బయట రాగి అంబలి కాస్తున్న అతని పెళ్ళాం రామక్క మాత్రం, మొగుడు ఆ పనిలో ఉన్నంతసేపూ అటు తిరిగి చూడదు. ఇన్ని నోళ్ళు చూసే మనిషి తన నోరు చూసుకోలేకపోయాడని ఆమె కోపం.

చూసుకోలేదని కాదు. చూసుకున్నాడు, కానీ తప్పుగా అనుకున్నాడు. మందకు ముందు నడిచే ముసలి గొర్రె పేరు బొల్లి. నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్ల మచ్చ. ముసురులో దానికీ నాలుక వాచిపోతే, తిప్పయ్య దాని తల ఒళ్ళో పెట్టుకుని, తను తాగే చెంబుతోనే పదిహేను రోజులు అంబలి పోశాడు. అది బతికింది. నెల తిరక్కుండానే అతని నాలుక ఎడమ పక్కన కందిబేడంత పుండు లేచింది. ఇంకేముంది, దాని రోగమే తనకూ అంటుకుందనుకున్నాడు. దానికి పూసిన పసుపూ వేపనూనే తనూ పూసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. మందలో రోగం ఇంకా ఉందని తెలిస్తే తక్కిన మందలవాళ్ళు నీళ్ళతొట్టి దగ్గరికి రానివ్వరు, రైతులు చేలో దిగనివ్వరు. పెళ్ళానికి కూడా తెలియకుండా రెండు నెలలు కుడి పక్కనే నమిలాడు. దాసప్ప మోటారుసైకిలు కనబడితే చాలు, దాని అద్దంలో నాలుక చాపి చూసుకునేవాడు. నీలం తిరగలేదు కదా, పరవాలేదనుకునేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఎడమ బుగ్గనే పెట్టుకుంటున్న పొగాకు సంగతి అతనికి తోచనే లేదు.

ఇంటింటికీ తిరిగి నోళ్ళు పరీక్ష చేస్తూ నర్సు పద్మజ వచ్చినప్పుడు కూడా తప్పించుకోబోయాడు.

"ఇది జీవాల రోగం నర్సమ్మా, నీకి తెలీదులే" అన్నాడు.

ఆమె నవ్వింది. టార్చి వేసి చూసి నవ్వు ఆపేసింది.

ఆ తర్వాత అంతా తొందరగానే జరిగింది, ఆపరేషను ఒక్కటి తప్ప. పెద్దాసుపత్రిలో పుండులోంచి ముక్క తీసి పంపారు. క్యాన్సరే అన్నారు. మొదట్లోనే దొరికింది, అదృష్టవంతుడివి అన్నారు. అదృష్టవంతుడివని తిప్పయ్యను ఒకరు అనడం అదే మొదటిసారి. నాలుక ఎడమ పక్క కొంత కోసి తీసేస్తామన్నారు. మెడలో గడ్డలు కూడా చూస్తామన్నారు. ముదిరినవాళ్ళు ముందు వరసలో ఉన్నారు కాబట్టి ఇరవైనాలుగు రోజులకు రమ్మన్నారు. ఈవేళ ఇరవైమూడో రోజు. సాయంత్రం నాలుగింటి బస్సుకు బయలుదేరి, రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి.

ఎదురుచూడటం ఆ సీమ మనిషికి కొత్త కాదు. వాన కోసం చూసీ చూసీ, రాకపోతే నాలుగు తిట్లు తిట్టి, మళ్ళీ ఏడాదికి మళ్ళీ చూడటం పుట్టినప్పటినుంచీ తెలిసిన విద్యే. ఇది ఆ ఎదురుచూపు కాదు. ఇది తప్పకుండా వస్తుంది, తేదీ వేసుకుని మరీ వస్తుంది. మొదటి వారం అతను గంటకోసారి పుండును పంటితో తడుముకుని, పెరిగిందా పెరిగిందా అని చూసుకున్నాడు. ఒక పూట పెరిగినట్టుండేది, ఒక పూట అసలు లేనట్టుండేది. లేనట్టున్న పూటే ఎక్కువ భయం వేసేది, అనవసరంగా నాలుక కోయించుకుంటున్నానేమో అని.

అతనికి లోకంలో ఉన్న పేరంతా అతని కూత వల్ల వచ్చిందే. నాలుక కొనను పైపళ్ళ వెనక ఆనించి పొట్టలోంచి గాలి వదిలితే, నాలుక అల్లాడి "తుర్ర్ర్ర్" అని మొదలై, చివర "హో" అని గొంతులోకి దిగుతుంది. అతని నాయన అట్లాగే వేసేవాడు. ఎంత దూరాన మేస్తున్న జీవమైనా నోట్లో గడ్డిపోచ ఉండగానే తలెత్తి, ఉన్నపళంగా వెనక్కి తిరుగుతుంది. చేలల్లో కూలివాళ్ళు ఆ కూత విని "తిప్పయ్య మంద తిప్పుతాండాడు, ఇంక పొద్దు పోయినట్లే" అని కొంగులు దులుపుకుని లేచేవాళ్ళు. మనుషుల మధ్య మాత్రం నోట్లో నాలుక లేని మనిషని పేరు. రచ్చబండ దగ్గర ఎవరు ఏమన్నా, వరసలో ఎవరు తనను దాటిపోయినా నోరు మెదిపేవాడు కాదు. అతను గొంతెత్తింది జీవాల కోసమే.

ఆసుపత్రిలో కూడా అతను అడిగింది ఒక్కటే.

"కూత వస్తాదా సామీ?"

డాక్టరుకు అర్థం కాలేదు. వెంట వచ్చిన కూతురు భారతి వివరించింది. ఎట్లా వేస్తారో చూపించమన్నాడు డాక్టరు. మందుల వాసన కొట్టే ఆ గదిలో, తెల్లకోట్ల మధ్య కూత వెయ్యడానికి తిప్పయ్యకు సిగ్గేసింది. తల వంచుకున్నాడు. డాక్టరు మంచివాడు, ఉన్నదే చెప్పాడు. మాట వస్తుంది, కొన్నాళ్ళు ముద్దగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది; నాలుకను అట్లా ఆడించడం మాత్రం ఇక కుదరకపోవచ్చు. ప్రాణం ముఖ్యం కదా అన్నాడు. ముఖ్యమే. కాదని ఎవరన్నారు?

ఊరికి తిరిగొచ్చిన రోజే తిప్పయ్య ఒట్టు పెట్టుకున్నాడు, ఇక మంద ఎదుట కూత వెయ్యనని. తను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళే కాదు, తిరిగొచ్చాక కూడా మందను పిలవాల్సింది రామక్కే. ఆమె గొంతు వాటికి అలవాటు కావాలి.

చెప్పినంత సులువు కాలేదు. రామక్కకు ముందు పళ్ళు రెండు లేవు. ఆమె "తుర్ర్" అంటే గాలి వస్తుంది తప్ప చప్పుడు రాదు. దా దా అని పిలిచింది, గిన్నె వాయించింది, తిట్టింది, బతిమాలింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కళ్యాణదుర్గంలో కాపురముంటున్న భారతి, ఇంట్లో తలుపులు వేసి నాయన చేత కూత వేయించి సెల్లులో రికార్డు చేసింది. మొదటిరోజు ఆ సెల్లు మోగగానే మంద మొత్తం పరుగెత్తుకొచ్చింది. రెండోరోజు సగం వచ్చింది. మూడోరోజు మందలో ఉన్న ఒకే ఒక్క మేక వచ్చి, సెల్లును నాకి చూసి వెళ్ళిపోయింది.

ఎనభై జీవాలను ఇంటి దగ్గర కట్టేసి మేపడం జరిగే పని కాదు. గడ్డి ఉన్న చోటికి మంద నడిచిపోవాలి తప్ప, మంద దగ్గరికి గడ్డి నడిచి రాదు. అందుకని జీవాల బేరగాడు శ్రీరంగప్పకు కబురు పెట్టారు. మధ్యాహ్నం తిరిగాక అతను వచ్చి చూస్తాడు. అప్పటికీ మంద రామక్క వెంట నడవకపోతే, రేపు పెద్ద బండి పంపి మొత్తం తోలుకుపోతాడు. మొగుడు ఆసుపత్రినుంచి వచ్చేసరికి ఖాళీ వల మిగులుతుంది.

ఎనభయ్యో నోరు చూసి వదిలి, తిప్పయ్య నడుము పట్టుకుని నెమ్మదిగా లేచాడు. పొడుగు మనిషి. నడవలేని పిల్లలను ఎడమ భుజాన వేసుకుని మోసీ మోసీ ఆ భుజం కాస్త వంగిపోయింది. దూరం చూసే అలవాటువల్ల కళ్ళు ఎప్పుడూ సగం మూసి ఉంటాయి. చెవులకు చిన్న రాగి పోగులు. వాటిని ఆసుపత్రిలో తీసెయ్యమంటారని భారతి ముందే చెప్పింది. రామక్క అంబలి చెంబు చేతికిచ్చింది. తల కుడివైపు వంచి కొంచెం కొంచెంగా మింగాడు.

"ఉప్పు మండుతాందా?" అంది రామక్క.

"లేదు" అన్నాడు. మండుతోంది.

వల విప్పారు. నలభై ఏళ్ళుగా మందకు ముందు నడిచిన మనిషి ఈ ఇరవై రోజులుగా వెనక నడుస్తున్నాడు. వెనకనుంచి చూస్తే మంద వేరుగా ఉంటుంది. అన్నీ వీపులే, తోకలే, ఎగిరే దుమ్మే. ముందు రామక్క, ఆమె వెనక బొల్లి, దాని వెనక తక్కినవి. పది అడుగులకోసారి బొల్లి ఆగి, మెడ వెనక్కి తిప్పి తిప్పయ్య ఉన్నాడా లేడా అని చూస్తుంది. అది ఆగితే మంద ఆగుతుంది. గొర్రెదాటు అని మనుషులను ఊరికే తిడతారు గాని, ఆ దాటు వెనక ఎన్నేళ్ళ నమ్మకం ఉంటుందో కాపరికి తెలుసు. రామక్క "నడువే, నీ దుంప తెగ" అని కట్టెతో నేల కొట్టేది. అది తిప్పయ్య ఇంకా వస్తున్నాడని చూసుకుని గాని అడుగు వేసేది కాదు.

ఫాల్గుణం దాటకుండానే ఎండ ముదిరింది. వేరుశనగ పీకేసిన చేలు గరికపోచ లేకుండా ఎర్రగా పడున్నాయి. గుట్ట వాలులో తుమ్మచెట్ల కింద మాత్రం కాయలు రాలి ఉంటాయి. మంద అక్కడికి చేరి, తలలు దించి, పటపటమని నమలడం మొదలుపెట్టింది. ఆ చప్పుడంటే తిప్పయ్యకు ఎప్పుడూ ఇష్టమే. ఈవేళ అది వింటుంటే ఏడుపొచ్చింది. మొహం తుడుచుకుని, మంద తలలు వంచి ఉన్న సమయం చూసి, పెద్ద రాతిగుండు వెనక్కి పోయి దాక్కున్నాడు. తను కనబడకపోతే రామక్క మాట వింటాయేమో చూడాలని వాళ్ళిద్దరూ ముందే అనుకున్నారు.

రామక్క వంద గజాలు అవతలికి పోయి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"దా... దా... దాండమ్మా... దా..."

గుండు పక్కనుంచి తిప్పయ్య ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నాలుగు జీవాలు తలెత్తాయి. తర్వాత పది. ఒక చిన్న గొర్రె, నిరుడు పుట్టిన బొల్లి బిడ్డ, రెండడుగులు రామక్క వైపు వేసింది. దాని వెనక ఇంకొన్ని కదిలాయి. అప్పుడు బొల్లి ముట్టె పైకెత్తి గాలి వాసన చూసింది. నేరుగా గుండు వైపు తిరిగింది. నడుచుకుంటూ వచ్చి, గుండు చుట్టూ తిరిగి, తిప్పయ్య ఎదురుగా నిలబడి అతన్ని చూసింది. కదిలినవన్నీ ఆగిపోయాయి. తర్వాత మంద మొత్తం రామక్క వైపు వీపు తిప్పి గుండు వైపే వచ్చేసింది.

"పోవే" అన్నాడు తిప్పయ్య గుసగుసగా. "పోవే తల్లీ, ఆయమ్మ పిలుస్తాండాది."

అది అతని మోకాలి దగ్గరే ముందుకాళ్ళు మడిచి కూర్చుని నెమరు వెయ్యసాగింది. తొమ్మిదేళ్ళ జీవం. ముందు పళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి. అంత వయసు జీవాన్ని ఏ కాపరీ ఉంచుకోడు, ఆరో ఏడు రాగానే సంతకు పంపేస్తాడు. ముందు నడుస్తుందని తిప్పయ్య ఉంచుకున్నాడు. మందలో సగానికి అది అమ్మో, అవ్వో.

మధ్యాహ్నం తుమ్మ నీడలో కూర్చున్నప్పుడు రామక్క ముద్ద తినలేదు. చాలాసేపు నేల మీద పుల్లతో గీస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అంది.

"జీవాలకి నా గొంతు నేర్పిస్తాండావు, బాగుండాది. ఇన్ని దినాలాయ, యాడ నొస్తాండాదో నాకి ఒక్క మాట చెప్పినావా?"

తిప్పయ్య ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి కాదు, నిజం ఏమిటో తెలుసుకోవడానికి.

"నొయ్యదు" అన్నాడు. "ముక్క తీసిన కాడ ఉప్పు తగిల్తే మండుతాది, అంతే. నొస్తాంటే ఇంత భయమయ్యేది కాదు."

"భయమైతాండాదా?"

"అయితాండాది. కత్తికి గాదు. తిరిగొచ్చినాక నేను నోరు తెరిస్తే, ఇవి యెవడో అనుకుని పారిపోతాయేమో అని."

రామక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయి ముప్పై అయిదేళ్ళు. ఇద్దరూ కూర్చుని ఇట్లాంటి మాట అనుకున్నది లేదు. ఎప్పుడూ ఏ చేను, ఏ నీళ్ళు, ఏ జీవం ఈనింది, అంతవరకే.

"నేను గుర్తు పడతా లేప్పా" అంది చివరికి. "అది సాలదా?"

చాలునని అతను అనాలి. అనలేదు. ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. జీవాలు చూస్తున్నాయన్నట్టు.

రెండున్నరకు మందను దాసప్ప చేలోకి దింపేసరికి శ్రీరంగప్ప లగేజీ ఆటో రోడ్డు వారగా ఆగి ఉంది. బొద్దు మనిషి, తెల్లచొక్కా, జేబులో రెండు సెల్లులు. బేరగాడే గాని ఒకప్పుడు మంద మేపినవాడే. నడుము పట్టేసి పదిహేనేళ్ళ కిందట మానేశాడు. తిప్పయ్యను చూసి ముందు రోగం సంగతి అడగలేదు. ఎండ సంగతి మాట్లాడాడు. ఆ మర్యాదకు తిప్పయ్య మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

"ఏదీ వదినా, ఒకసారి పిలువు" అన్నాడు శ్రీరంగప్ప.

రామక్క చేనుకు ఆ కొసన నిలబడి పిలిచింది. పొద్దున జరిగినట్టే జరిగింది. చిన్నవి కదిలాయి, బొల్లి తిప్పయ్య వైపు తిరిగింది, కదిలినవి ఆగాయి. శ్రీరంగప్ప ఇంకోసారి పిలిపించాడు. తను బీడీ కాల్చుకుంటూ కళ్ళు చికిలించి జీవాల చెవులు చూశాడు. తర్వాత బీడీ పారేశాడు.

"మంద మొండిది గాదన్నా" అన్నాడు. "ఆ ముసల్ది మొండిది. నీ కూత దాని చెవిలో కూసోనుండాది. అది ఉన్నన్నాళ్ళూ ఇవి వదిన మాట ఇనవు. దాన్ని ఒక్కదాన్ని తీసెయ్, తక్కినేటివి ఈ పొద్దే నడుస్తాయి. మంద మొత్తం కొంటే నాకే లాభం. ఐనా ఉన్న మాట చెప్తాండా."

తిప్పయ్య మందను ఒకసారి కలియచూశాడు.

"అది గాకుండా ఇంకేదన్నా ఎత్తకపో శ్రీరంగప్పా. నాలుగు ఎత్తకపో."

"ఇంకేది ఎత్తకపోయినా లాభం లేదన్నా."

"పండ్లు గూడా లేవప్పా దానికి. వట్టి ఎముకలు. దాన్ని ఎవురు తింటారు?"

"తినేటోళ్ళు ఉంటారన్నా" అన్నాడు శ్రీరంగప్ప మెల్లగా. చెప్పాల్సి వచ్చినందుకు అతనికీ బాధగానే ఉన్నట్టుంది, తల పక్కకు తిప్పుకున్నాడు.

తిప్పయ్య పెళ్ళాం వైపు చూశాడు. వద్దంటుందేమో అని చూశాడు. ఈ రోగం బొల్లి ఎంగిలి వల్లే వచ్చిందని ఆమెకు ఇప్పటికీ లోలోపల అనుమానం. డాక్టరు కాదన్నా పోలేదు. కానీ ఇప్పుడు ఆమె మొహంలో కోపం లేదు.

"నువ్వొచ్చేకి ఈడ ఏదో ఒకటి నిలబడుండాల గదప్పా" అంది. "ఎనభై పోయేకంటే ఒకటి పోయేది మేలు."

మింగలేక కక్కలేక నిలబడ్డాడు తిప్పయ్య. తల ఊపాడు.

ఊపడం అయింది గాని, బొల్లి చిక్కలేదు. శ్రీరంగప్ప చేయి చాచి దగ్గరికి పోతే మందలోకి దూరింది. రామక్క ఎదురుపోతే చేను దాటి గట్టెక్కింది. తొమ్మిదేళ్ళ ముసలిదానికి ఆ కాళ్ళెక్కడివో తెలియదు. బెదిరిన మంద నాలుగు దిక్కులకూ చెదిరి, సగం రోడ్డు మీదికి ఎక్కింది. కర్ణాటక వైపునుంచి వస్తున్న లారీ ఒకటి దూరంనుంచే హారను మోగించింది. రామక్క గొంతు చించుకుని పిలిచింది. ఒక్కటీ తిరగలేదు.

"ఒక్క కూత ఎయ్యన్నా!" అని అరిచాడు శ్రీరంగప్ప.

తిప్పయ్య నాలుక కొన పైపళ్ళ వెనక ఆనింది. ముక్క తీసిన చోట చురుక్కుమంది. ఊపిరి వదిలాడు.

ఇరవైమూడు రోజులు మంద ఎదుట అణిచిపెట్టిన కూత అది. ఎదురుగా ఉన్న గుట్టకు తగిలి తిరిగొచ్చింది. అవతలి చేలో పాదులు చేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. రోడ్డు మీదున్నవి రోడ్డు దిగాయి, గట్టెక్కినవి గట్టు దిగాయి, ఎనభై జీవాలూ దుమ్ము లేపుకుంటూ అతని వైపు పరుగెత్తాయి. అన్నిటికన్నా ముందు బొల్లి. లారీ హారను కొట్టుకుంటూనే ఖాళీ రోడ్డు మీద వెళ్ళిపోయింది.

బొల్లి వచ్చి అతని అరచేతిలో ముట్టె పెట్టింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత. ఎవరైనా ఆ మాట అంటే, మీరెప్పుడైనా జీవాన్ని మేపినారా అని తిప్పయ్య ఎదురడిగేవాడు. నోరు లేని అతను ఎదురు మాట్లాడే మాట అదొక్కటే. దాని ముందుకాళ్ళ కింద చేతులు వేసి ఎత్తుకున్నప్పుడు, అది కొంచెం కూడా పెనుగులాడలేదు. వాన వస్తే, ముల్లు గుచ్చుకుంటే, రోగం వస్తే ఎత్తుకున్నవాడే ఎత్తుకున్నాడు, అంతే దానికి తెలుసు. అతను దాన్ని ఆటోలో దించి, వెనక తలుపు తనే వేశాడు. ఇంకొకరి చేత వేయించలేకపోయాడు.

జీవాన్ని అమ్మితే దాని వెన్ను మీది బొచ్చు పిడికెడు పీకి ఉంచుకోవాలి. లేకపోతే మంద కళ దానితోనే పోతుందని పెద్దల మాట. తిప్పయ్య కమ్మీల సందునుంచి చెయ్యి పెట్టి, నొప్పి తెలియకుండా కొంచెం కొంచెంగా పీకాడు. అది అతని చొక్కా చేతి అంచు నాకుతూ నిలబడింది. ఆటో కదిలింది. ఎంతకీ అరవలేదు అది.

ఆటో మలుపు తిరిగేదాకా రోడ్డు మీద నిలబడి, తర్వాత వలకు ఆనుకున్న గుంజ దగ్గర కూర్చున్నాడు. పురికొస కోసం తడుముకున్నాడు. రామక్క సాయం రాబోయింది. వద్దన్నాడు.

మూడుముక్కాలుకు భారతి వచ్చింది. సంచిలో రెండు జతల బట్టలు, చేతిలో ఆసుపత్రి కాగితాల ఫైలు. ఎవరి మొహం చూసినా ఏదో జరిగిందని తెలుస్తోంది. రామక్క బస్సు దగ్గరికి రావడానికి లేదు. ఆమె కూడా ఇటే వస్తే, మంద తిప్పయ్య వెనక బస్సు దాకా వచ్చేస్తుంది. అందుకని మందను అటు పిలవడానికి చేనుకు ఆ కొసనే నిలబడిపోయింది. మొగుడు ఆపరేషనుకు పోతుంటే దగ్గరికొచ్చి నాలుగు మాటలు చెప్పే వీలు కూడా ఆమెకు లేకపోయింది. అక్కడినుంచే చెయ్యెత్తింది. అతనూ ఎత్తాడు.

"పా నాయనా" అంది భారతి.

రోడ్డు దాటి బస్సు షెల్టరు కింద నిలబడ్డారు. చేలో జీవాలు ఇంకా ఆటో పోయిన వైపే చూస్తున్నాయి. కొన్ని షెల్టరు వైపు చూశాయి. తిప్పయ్య స్తంభం వెనక్కి జరిగాడు.

రామక్క పిలిచింది. ఈసారి అరవలేదు, గిన్నె కొట్టలేదు. అలిసిపోయిన గొంతుతో, ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"దాండమ్మా... దాండి... పోదాం..."

మంద చాలాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత బొల్లి బిడ్డ, ఆ చిన్న గొర్రె, తల దించి రామక్క వైపు నడిచింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక పది. మిగిలినవి ఒక్కసారి కదిలాయి. ఎండుచేను దాటి, గట్టెక్కి, రామక్క చుట్టూ చేరి, ఆమె నడిస్తే నడిచాయి. ఒక్కటీ వెనక్కి చూడలేదు.

"నాయనా, సూడు, అమ్మ ఎనక పోతాండాయి!" అంది భారతి సంబరంగా. ఆ సంబరంలోనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇరవైమూడు రోజులుగా అతను కోరుకున్నది ఇదే. మంద నిలిచింది. రామక్కకు తిండి నిలిచింది. ఇక కత్తి కింద పడుకున్నా మనసులో బెంగ అక్కర్లేదు. ఇన్ని చెప్పుకున్నా అతను స్తంభం చాటునుంచి ఇవతలికి వచ్చాడు. మరిచిపోవడానికి వాటికి ఒక గంట పట్టింది. గంట కూడా పట్టలేదు.

బస్సు వచ్చింది. భారతి అతన్ని కిటికీ పక్క కూర్చోబెట్టి, ఫైలు ఒళ్ళో పెట్టుకుంది.

"యాడికి పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.

తిప్పయ్య కిటికీలోంచి చేను వైపే చూస్తున్నాడు.

"అనంతపురం, రెండు" అంది భారతి.

బస్సు గుట్ట మలుపు తిరుగుతున్నప్పుడు మంద మరోసారి కనబడింది, ఎర్రనేల మీద చుక్కల్లాగా, రామక్క వెంట. తిప్పయ్య నాలుక కొనను పైపళ్ళ వెనక ఆనించాడు. ఊపిరి మాత్రం వదల్లేదు. పక్కనే ఉన్న భారతికి అతను పళ్ళు బిగబట్టుకున్నట్టు కనిపించింది. నొప్పేమో అనుకుని వీపు మీద చెయ్యి వేసింది.

దాసప్ప చేలో ఎవరూ లేరు. వల వదులుగా వేలాడుతోంది. ఎడమ పక్క రెండో గుంజకు, పురికొసతో రెండు ముళ్ళు వేసి బిగించిన నల్లటి బొచ్చు పిడికెడు ఉంది.